చిన్నపడవయు పెద్దఓడయు



తాండూరువంటి రాతినేలమీద కాపురముండి సముద్రమునుగూర్చి వ్రాయుట మీలో కొందఱికి వింతగా తోపవచ్చును. కాని యీ నెల మా మనస్సంతయు సముద్రముమీదనే యున్నది. అందుకు కారణము మా అక్కగారి జాబు.

అక్కగారి కాపురము విశాఖపట్టణము. ఆమె కుమారునికి ఇరువదిరెండేండ్లు. రెండేండ్లక్రిందట వాడు సెలవులకు మా యింటికి వచ్చినపుడు మావారును మేమును వానిని వికారాబాదునకు చేరువనున్న కోటేపల్లి జలాశయమునకు తోడ్కొనిపోతిమి. అక్కడ కయాకులు నడుపుట కొన్నియేండ్లలో ప్రసిద్ధికెక్కినది. కయాకనగా ఒక్కరో యిద్దరో కూర్చుండి, రెండుకొనలను రెక్కలున్న తెడ్డుతో నడుపుకొను సన్నని తేలికపడవ. పిల్లవాడొక్కపూటలో తెడ్డువేయుట నేర్చెను. మేము గట్టుననుండి చూచి మురిసితిమి. భారతమున సత్యవతి యమునపై పడవ నడిపినదిగదా, పడవమాట ఆడువారికి క్రొత్తదికాదని నవ్వుకొని మేమును ఒకమాఱు ఎక్కి కూర్చుంటిమి.

ఇప్పుడా పిల్లవాడు స్వంతముగా కయాకు కొని, సెలవుదినములందు తెల్లవారుజామున సముద్రముపైకి పోయి గాలమువేయుచున్నాడు. ఒక ఆదివారము, తొమ్మిదిగంటలకు వత్తునని చెప్పి వెళ్లినవాడు పండ్రెండు దాటినను రాలేదు. ఎటు పోయెనో ఇంట నెవరికిని తెలియదు. వాని ఫోను పలుకలేదు. ఎవరిని పిలువవలెనో తెలియక అక్కగారు వీథిగుమ్మముననే నిలుచుండిరి. ఒంటిగంటకు వాడు నవ్వుచు వచ్చి, చేపలు క్రిందపెట్టి, “అమ్మా, నేడొక పెద్దఓడ నన్ను చూచి అయిదుసార్లు కూతవేసినది. నేనును చేయి యూపితిని” అని చెప్పెనట. జాబులో అక్కగారి కడపటిమాట యిది: “చెల్లీ, వానిచేత తెడ్డు పట్టించినదానవు నీవే. ఇక చెప్పవలసినదియు నీవే.”

ఆ మాట మాకు ములుకువలె నాటినది. మేము చూపినది నిలిచిన నీటి పడవ. అక్కడ ఎదురువచ్చునది మఱియొక చిన్నపడవయే. ఓడలు తిరుగు నీటి మర్యాద వేఱు. అది మేము వానికి చెప్పలేదు; మాకే తెలియదు. కావున మావారును మేమును పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారి నడిగి, గ్రహించినదానిని వానికి వ్రాసితిమి. సముద్రతీరమున బిడ్డలున్న తల్లులు మీలోను ఉందురుగనుక ఆ సంగతులే యిక్కడను వ్రాయుచున్నాము.

మొదట ఆ కూతమాట. పొట్టిపొట్టిగా, వెంటవెంటనే, అయిదుమాఱులు వేసిన కూత పలుకరింపు కాదు. నౌకలు ఢీకొనకుండుటకై 1972లో ఏర్పడిన అంతర్జాతీయ నియమములలో దాని యర్థము ఇది: “నీవేమి చేయదలచితివో మాకు తెలియుటలేదు; అపాయము తప్పుటకు నీవు చేయుచున్నది చాలునో లేదో మాకు సందేహము.” ఆ కూత వినినవాడు చేయి యూపరాదు, త్రోవ విడిచి తొలగిపోవలెను. ఈ వాక్యము వ్రాయునపుడు మా చేయి వణకినదనుట అతిశయోక్తి కాదు.

ఓడవారే తప్పుకొనరాదా యని మీరడుగవచ్చును. మా తాండూరులో రాయి, సిమెంటు మోయు గూడ్సుబండ్లు గేటుదాటుట మేము నిత్యము చూతుము. నడుపువాడు పట్టాలపై పశువును చూచి బ్రేకు వేసినను బండి వెంటనే నిలువదు. ఓడయు నట్టిదే, నిండు బరువుతోనున్న పెద్దఓడ నిలుచుటకు కిలోమీటర్లు పట్టును. మావారు బడిపంతులుగనుక లెక్కవేసి చూపిరి. కయాకు గంటకు 5 కిలోమీటర్లు పోవుననుకొందము. అరకిలోమీటరు వెడల్పుగల ఓడలదారిని దాటుటకు దానికి 6 నిమిషములు కావలెను. గంటకు 22 కిలోమీటర్లు పోవు ఓడ ఆ 6 నిమిషములలో 2 కిలోమీటర్లకుపైగా వచ్చును. దూరముగా, కదలనట్లు కనబడిన ఓడయే పిల్లవాడు నడిమికి చేరులోపల మీదికి వచ్చును.

ఓడవారికి మనవాడు కనబడుననుటయు నమ్మరాదు. నడుపువారు నిలుచు గదినుండి చూచినపుడు ఓడముక్కు ముందున్న నీరు కొంతదూరము మఱుగుపడును. ఓడ పొడవునకు రెట్టింపు, లేక 500 మీటర్లు, ఈ రెంటిలో ఏది తక్కువయో అంతవఱకు ఆ మఱుగును అంతర్జాతీయ నియమములే యొప్పుకొన్నవి. నీటికి జానెడెత్తున తేలు ప్లాస్టికుపడవ రాడారులోను సరిగా అగపడదు. 2021 ఏప్రిల్ 13న మంగుళూరు తీరమునకు దూరముగా ఒక మరపడవయు విదేశపు సరకుల ఓడయు ఢీకొనినపుడు, పడవలోని 14 మందిలో ప్రాణములతో దొరికినవారు ఇద్దరే. ఇంజనున్న పడవకే అట్లయినపుడు తెడ్డుపడవ మాట చెప్పనేల?

మఱియు, ఇరుకైన ఓడలదారిలో 20 మీటర్లకు తక్కువ పొడవుగల పడవ పెద్దఓడకు అడ్డురాకూడదు. చేపలుపట్టు పడవయు అడ్డురాకూడదు. చిన్నవానికి పెద్దవాడు త్రోవయిచ్చుట మన యింటి ధర్మము. అక్కడి ధర్మము అది కాదు. విశాఖపట్టణపు రేవు 1933లో ఆరంభమైనది. పెద్ద ఓడలకై వెలుపలి రేవు 1976లో వచ్చినది. యారాడకొండ ప్రక్కనుండి రేవులోనికి పోవు దారి యిరుకైనది. దానికి ఇరుప్రక్కల బోయాలు తేలుచుండును. రేవునకు వచ్చు ఓడకు ఎఱ్ఱవి ఎడమను, పచ్చవి కుడిని ఉండును. ఆ రెంటి నడుమ గాలమువేయుట రైలుపట్టాలమీద పీటవేసికొనుటయే. నౌకాదళపు హద్దులును అట్లే విడువవలెను. లంగరువేసిన ఓడయొద్ద చేపలుండునని దానిని ఆనుకొనియుండరాదు; అది ఎప్పుడు కదలునో మనకు తెలియదు.

ఢీకొను నపాయమును కనిపెట్టుట కొక సులభోపాయము కలదు. తన పడవను త్రిప్పక, చేయిచాచి ఓడవైపు చూపవలెను. కొంతసేపటికి మరల చూపినపుడు చేయి ప్రక్కకు జరిగినచో ఓడ ముందుగనో వెనుకగనో దాటిపోవును. చేయి జరుగకయే ఓడ పెద్దదగుచున్నచో అది నేరుగా మీదికి వచ్చుచున్నదని యర్థము. అప్పుడు చేప తగిలియున్నను దారము కోసి తొలగవలెను. దాటక తప్పనిచోట దారికి అడ్డముగా, తిన్నగా, శీఘ్రముగా, ఓడ వెళ్లినపిమ్మట దాని వెనుకనుండి దాటవలెను. ఓడ రేపిన అలలు కొంచెము తడవునకు వచ్చును. వానికి పడవముక్కు నెదురుపెట్టవలెను.

తేలుచొక్కా పడవలో నుండుట చాలదు, ఒంటిమీద నుండవలెను. ఈల, తెల్లని వెలుతురుగల టార్చి, నీరుచొరని సంచిలో ఫోను, వీలైనచో చేతిరేడియో, వీనితోపాటు ఒక తోడు కావలెను. గాలముమీద నిలిచిన కన్ను ఓడను చూడదు. రెండవ కన్నుల జత తోడివానిదే. బయలుదేరుటకు ముందు జాలరిపేట పెద్దలను గాలినిగూర్చియు ఓడలనుగూర్చియు అడుగవలెను. తెప్పమీద బ్రదుకు సాగించిన యింటివారికంటె ఆ నీటికి గురువులెవరు?

ఇక తల్లి చేయవలసినది. వలదని తలుపు మూయుమని యిరుగుపొరుగువారు అక్కగారికి చెప్పిరట. మూసిన తలుపు వెనుకనుండి పిల్లలు చెప్పకుండ పోవుదురు, అంతకంటె అపాయములేదు. మేము చెప్పినది వేఱు. వంటయింటి గోడపై క్యాలెండరుప్రక్కన ఒక కాగితము వ్రేలాడదీయవలెను. ఎచ్చటినుండి బయలుదేరును, ఎంతవఱకు పోవును, తోడెవరు, పడవరంగు ఏమి, ఎన్నిగంటలకు ఒడ్డుచేరును అనునవి వాడే వ్రాసి పోవలెను. అడుగున తీరరక్షకదళపు 1554 అంకె పెద్దదిగా ఉండవలెను. చెప్పినవేళకు రానిచో మొదట వానికి ఫోను. అరగంట దాటినచో 1554కు ఫోను. పిల్లవాడు నవ్వుచు వచ్చినను సిగ్గుపడనక్కఱలేదు. వేళ కనిపెట్టుట గృహిణులకు నేర్పవలసిన విద్యకాదు; పాలు పొంగువేళ, బడిగంటవేళ అన్నియు మన చేతిలోనివేగదా.

కాగితము వ్రేలాడినదని అక్కగారు ఫోనులో చెప్పిరి. పోయిన ఆదివారము “తొమ్మిదిగంటలు” అని వ్రాసి వెళ్లినవాడు ఎనిమిదిన్నరకే వచ్చి, తానే ఆ వేళ కొట్టివేసెనట. ఆనాడు చేపలు దొరకలేదు. అయినను అక్కగారి గొంతులో సంతోషము మాకు స్పష్టముగా వినబడినది.

మా అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనీరు కృష్ణలో కలిసి యెన్నియో దినములకు సముద్రము చేరును. నీటితో పోయిన మన బిడ్డలు మాత్రము చెప్పినవేళకు ఇల్లుచేరుదురుగాక.