రంగు గోడకు, ధర నేలకు

పాత ఫ్లాటు కొని, బాగుచేసి, లాభానికి అమ్మడం కూడా ఉత్పత్తేనంటాడు నా మిత్రుడొకడు. ఒకప్పుడు విద్యార్థి సభల్లో అదనపు విలువ గురించి గంటలకొద్దీ ఉపన్యసించినవాడే. ఈనాడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈ పనికి ఇంగ్లీషులో ‘హౌస్ ఫ్లిప్పింగ్’ అని పేరు. అట్టు తిరగేసినంత సులువనే ధ్వని ఆ మాటలో వుంది. తెలుగులో దీనికి ఎప్పటినుంచో ఒక మాట వుంది: మారుబేరం. అది వాడితే పరువు తక్కువని కాబోలు, ఎవరూ వాడరు.

ఈ వాదన ఒక్క మిత్రుడిదే అయితే వ్యాసం రాయనవసరం లేదు. మా కాలేజీ స్టాఫు రూములో మధ్యాహ్నం పూట సాగే చర్చ కూడా ఇదే. అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్లు సైతం ఇందులో తప్పేముందని అడుగుతున్నారు. కనక జవాబు చెప్పవలసి వస్తున్నది.

ముందొక ఒప్పుకోలు. నేనూ ఈ ఊబి అంచుదాకా పోయినవాణ్ణే. నిరుడు మిత్రుడు నన్ను వాటాకు పిలిచాడు. కొండాపూర్‌లో ఇరవై యేళ్లనాటి ఫ్లాటు, 80 లక్షలు. ఎనిమిది లక్షలు పెట్టి బాగుచేసి, యేడాదిలో కోటీ పది లక్షలకు అమ్మాలని పథకం. లాభం 22 లక్షలన్నాడు. ఇంటికి వచ్చి నేను కాగితం మీద లెక్క వేశాను. మొత్తం ధర మీద రిజిస్ట్రేషన్ ఖర్చు నూటికి ఏడున్నర చొప్పున ఆరు లక్షలు. అరవై లక్షల అప్పు మీద తొమ్మిది శాతం చొప్పున యేడాది వడ్డీ 5 లక్షల 40 వేలు. కొన్నప్పుడొకసారి, అమ్మినప్పుడొకసారి దళారికి నూటికొక రూపాయి. అది దాదాపు రెండు లక్షలు. రెండేళ్లలోపు అమ్మితే వచ్చిన లాభాన్ని జీతంతో కలిపి ఆదాయపు పన్ను వేస్తారు. ఇవన్నీ పోను ఆరు లక్షలు మిగిలితే గొప్ప. ఇద్దరికీ చెరి మూడు. ఫ్లాటు అమ్ముడుపోక ఇంకో యేడాది ఆగిందా, అదీ వడ్డీకే సరి. కొత్తగా ఈ బేరంలో దిగేవాళ్లకు పైన కనిపించే 22 లక్షలే చెబుతారు గాని, ఈ కింది లెక్క చెప్పరు.

కాని నా ఆక్షేపణ లెక్క కుదరలేదని కాదు. కుదిరిందనే అనుకుందాం. అప్పుడైనా ఒక ప్రశ్న మిగులుతుంది. మేస్త్రీలకు, రంగులవాళ్లకు, సిమెంటుకు, పలకలకు అయినది ఎనిమిది లక్షలు. ధర పెరిగింది ముప్ఫై లక్షలు. తేడా 22 లక్షలు ఎవరి శ్రమ? మిత్రుడి శ్రమా? ఆదివారాలు స్కూటరు మీద వెళ్లి పని చూసివచ్చినందుకు కూలి 22 లక్షలా?

జవాబు గోడల్లో దొరకదు, నేలలో దొరుకుతుంది. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించేనాటికి మాదాపూర్ వూరి చివర. ఆ తరవాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2019లో హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. వీటిలో ప్రజల సొమ్ము వుంది, ప్రజల భూమి వుంది, పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కూలీల చెమట వుంది. సమాజమంతా కలిసి పెంచిన విలువ, పట్టా చేతిలో వున్నవాడి జేబులో పడుతున్నది. రంగు వేసింది గోడకు. ధర పెరిగింది నేలకు. దీన్ని అర్థశాస్త్రం భూమి కౌలు అంటుంది, ఉత్పత్తి అనదు.

ఇక ‘బాగుచేయడం’ సంగతి. ఆ ఫ్లాటు చూడటానికి మిత్రుడు ఒక పెయింటరును వెంటబెట్టుకు వచ్చాడు. పాలమూరు మనిషి. స్నానాలగది గోడను అరచేత్తో తట్టి, “లోపల పైపు కారుతున్నది సార్. గోడ పగలగొట్టకుంటే ఎట్ల? మీద రంగేస్తే రెండు వానలకు మళ్ల చెమ్మొస్తది” అన్నాడు. “రెండు వానల నాటికి మనం వుండం గదా” అన్నాడు మిత్రుడు. ఆ ఒక్క మాటలో ఈ వ్యాపార రహస్యమంతా వుంది. కాపురం వుండేవాడు ముందు పైపు మారుస్తాడు, డాబా మీద నీరు దిగకుండా చేస్తాడు, పాత వైర్లు తీసి కొత్తవి వేస్తాడు. మారుబేరగాడు కంటికి కనిపించేవాటి మీదనే డబ్బు పెడతాడు: హాలుకు ఫాల్స్ సీలింగు, వంటింటికి మెరిసే అరలు, గుమ్మానికి కొత్త తలుపు. ఒకడికి కావలసింది ఉపయోగపు విలువ, రెండోవాడికి మారకపు విలువ. పనితనం తెలిసిన కార్మికుడు నిజం చెప్పాడు. చదువుకున్న మా మిత్రుడు దానిమీద రంగు పూయమన్నాడు.

ఆ ఫ్లాటులో అప్పటికి ఒక కుటుంబం అద్దెకుంటున్నది. మేము గదులు కొలుస్తుంటే ఆ ఇంటి ఇల్లాలు, పిల్లవాడి పరీక్షలయ్యేదాకా ఆగుతారా అని అడిగింది. మిత్రుడు నా వైపు చూశాడు. నేను మియాపూర్‌లో అద్దెకుంటున్నవాణ్ణి. ఆ ప్రశ్న రేపు మా ఆవిడ ఇంకెవరినో అడగవలసి రావచ్చు. ఆ రాత్రే వాటా వద్దని చెప్పేశాను.

“నువ్వు కాకపోతే ఇంకొకడు కొంటాడు” అన్నాడు మిత్రుడు. నిజమే. ఈ బేరంలో మావాడు చిన్న చేప. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వమే నిర్వహించిన వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలదాకా పలికింది. ప్రజల నేలను అంత ధరకు అమ్మిన ప్రభుత్వం ఇళ్ల ధరలు తగ్గాలని కోరుకుంటుందా? కాని తిమింగలం వుందని చిన్న చేప చేసేపని ఉత్పత్తి అయిపోదు.

మిత్రుడి రెండో వాదన బలమైనది, దాన్ని దాటవేయకూడదు. 2004 సెప్టెంబరు తరవాత ఉద్యోగంలో చేరిన నాబోటివాళ్లకు పాత పింఛను లేదు. రేపు ముసలితనంలో ఏ ఆధారం? ఫ్లాటే పింఛను అంటాడు. భయం నిజమైనదే. కాని పరిష్కారం ఏమిటి? నా ముసలితనపు ఖర్చును నాకంటే చిన్న జీతగాడి చేత, ముప్ఫై యేళ్ల అప్పు రూపంలో కట్టించడమా? 1872లో ఎంగెల్స్ గృహ సమస్యపై రాసిన వ్యాసాల్లో, ప్రతి కార్మికుణ్ణీ ఇంటి యజమానిని చేస్తే సమస్య తీరుతుందనే భ్రమను ఖండించాడు. ఆ భ్రమలో కనీసం వుండటానికొక ఇల్లయినా వుంది. మనవాళ్ల భ్రమలో అదీ లేదు.

పాత ఇళ్లు బాగుచేయవద్దని నేననడం లేదు. పనికి కూలి న్యాయం. పైపు మార్చినవాడికి, మార్పించినవాడికి కూడా ఇవ్వవలసిందే. కాని నేల మీద పెరిగిన విలువ సమాజానిది, అది సమాజానికే చెందాలి. పింఛను కోసం ఉమ్మడిగా పోరాడాలి. అద్దెకుండేవాళ్లకు చట్టరక్షణ అడగాలి. ప్రభుత్వ భూముల వేలం ఆపి, ఆ నేలమీద అద్దె ఇళ్లు కట్టమనాలి. ఇవి స్టాఫు రూములో చర్చకు రావలసిన విషయాలు.

అంతవరకు మనబోటి చదువుకున్నవాళ్లు చేయగలిగిన కనీసపు పని ఒకటుంది. మారుబేరాన్ని మారుబేరమనే పిలవడం.