భయమును విక్రయించు వర్తకము

నష్టములో కొంత మాపుదుము, లాభములో కొంత వదలుకొనుడను బేరముతో అమెరికాలో 2018వ సంవత్సరము నుండి ఒక క్రొత్తరకపు షేరునిధులు బయలుదేరినవి. వానికి బఫర్ ఫండులని పేరు. అచ్చట ఉద్యోగములు చేసి వృద్ధాప్యమునకై కూడబెట్టుకొనుచున్న మన తెలుగువారికిని ఈ సరకు చూపబడునదే గనుక దీని గుట్టు విప్పి చెప్పుట మా విధి.

బేరము వినుటకు తీయనిది. ఐదువందల పెద్దకంపెనీల షేర్లసూచీ ఏడాదిలో నూటికి 15 వరకు పడినచో మదుపుదారునకు నష్టము లేదు. అంతకు మించినదంతయు నాతని నెత్తినే. పెరిగినచో ఒక హద్దువరకే ముట్టును. ఏడాది నడుమ కొన్నవానికి ఈ లెక్కయు తప్పును. నిధివారు దాతలా? మదుపుదారుని రేపటి లాభమును ఆప్షన్ల బజారులో నేడే యమ్మి, ఆ సొమ్ముతోనే యాతనికి రక్షణ కొనిపెట్టుదురు. మన తోటలోని కాయలను మన కన్నుల యెదుటనే యమ్మి, ఆ డబ్బుతో మనకే కంచెవేసి, పైగా కూలి యడుగుట గాదా యిది? ఆ కూలియు, మొదట పుట్టిన నిధులలో, నూటికి 0.79. సూచీని వెంబడించు మామూలు నిధి 0.03కే దొరకుచున్నది. ఇక డివిడెండు మాట తలపెట్టనే వలదు, అది రాదు.

హద్దు నూటికి 12 అనుకొందము. 2019లో సూచీ 29 వరకు పెరిగెను. ఇట్టివానికి ఖర్చుపోను 11 చిల్లర దక్కెడిది. సగము సొమ్ము సూచీనిధిలోను, సగము స్వల్పకాలపు ప్రభుత్వ ఋణపత్రములలోను ఉంచినవానికి 14కు మించి వచ్చెడిది. 2022లో సూచీ 19 పడెను. ఆ యేట ఈ నిధియే మేలు, దాచుట మాకు తగదు. కాని 2008 వంటి యేడు మరల వచ్చినచో? అప్పుడు సూచీ 38 కూలెను. బఫరువానికి 23కు పైగా నష్టము. సగముసగము వానికి 19 మాత్రమే. నిజమైన ముప్పు వచ్చిననాడే కంచె విరుగుచున్నది!

ఏడాదిలో సొమ్ము కావలసినవాడు షేర్లజోలికి పోనేల? పోవువాడు ఇరువదియేండ్లు ఆగగలవాడైనచో ఈ కంచె యేల? ఈ ప్రశ్నలకు దళారులు బదులీయరు, భయమునే చూపుదురు. ప్రకటనలలో రక్షణ యెంతయో పెద్దయక్షరములతో నచ్చొత్తుచున్నవారు, కోలుపోవు లాభమును, డివిడెండును ఆ యక్షరములతోనే యచ్చొత్తవలెనని కోరుచున్నాము. ఈ సరకు రేపు మన దేశపు బజారునకు దిగినను మా కోరిక యిదియే.