గృహపరిశ్రమలు: చీరకు ప్రక్కవెలుగు



చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెము, ఈపూరుపాలెము ప్రాంతములలో నేటికిని మగ్గపుచప్పుడుతో తెల్లవాఱు వీధులు గలవు. కండెలు చుట్టుట మొదలు చీర మడత పెట్టువఱకు సగము పని యింటి యాడువారి చేతుల మీదుగానే సాగును. ఇటీవలి కాలమున వారికి మఱియొక పని తోడైనది. నేసిన చీరకు ఫోటో తీసి దూరపుటూళ్ల కొనుబడిదారులకు వాట్సాపులో పంపుట యిప్పుడు వారి వంతే. ఈ పనిలో కలుగు నష్టమొకటి నేను కన్నులార చూచితిని గనుక ఈ నెల దానినే వ్రాయుచున్నాను.

గడచిన కార్తీకమున ముసురు పట్టి, మగ్గపుగుంటలలో నీరూరి, నేత నిలిచిపోయినది. మా వీధిలో నాకు వరుసకు వదినెయగు నొక యిల్లాలు అంతకు ముందే దిగిన కుప్పడపుచీర నొకదానిని అమ్మదలచినది. నీలపు వొడలు, ముదురెఱుపు జరీయంచు. ఇంట వెలుతురు చాలక కెమేరా నెత్తిమీది చిన్నఫ్లాషును లేపి ఫోటో తీసి పంపినది. హైదరాబాదునుండి బేరము వచ్చినది, చీర పోయినది. పదిదినములకు మరలి వచ్చినది. ఫోటోలోని చీర యిది కాదని కొన్నవారి మాట. చూడగా ఫోటోలో నీలము బూడిదవన్నె దాల్చినది. జరీ తెల్లగా పేలిపోయినది. మడత విప్పిన చీర తరువాత తక్కువ వెలకే పోయినది. ఆ తగ్గిన రూక లెవరివో వేఱుగ చెప్పనక్కఱలేదు.

"అమ్మాయీ, నేత తప్పా, నా చేతి తప్పా?" యని యామె నన్నడిగినది.

"రెండును గావు వదినా, దీపమున్న చోటు తప్పు" అంటిని.

బియ్యములో రాళ్లేరునప్పుడు మనము చేటను గుమ్మమువైపునకు ఏటవాలుగా త్రిప్పుకొందుము గదా. వెలుగు ప్రక్కనుండి పడిననే రాయికి నీడ యేర్పడి కంటికి తగులును. వస్త్రమున కూడ నంతే. పడుగు, పేక యొకదానిమీద నొకటి లేచియుండుట ప్రక్కవెలుగునకే తెలియును. కెమేరా మీదినుండి తిన్నగా పడు మెఱపు ఆ చిన్ననీడల నన్నిటిని తుడిచివేయును. జరీ యద్దమువంటిది, వచ్చిన వెలుగును వచ్చిన దారినే కెమేరా కంటిలోనికి త్రోసివేయును. కుప్పడపునేతలో వొడలును అంచును కలిసికొను సందును చూచియే తెలిసినవారు వెల కట్టుదురు. ఎదుటి ఫ్లాషు మొదట చెఱచునది దానినే.

కావున వెలుగు ప్రక్కనుండి రావలెను. ఎండకాలమున కిటికీ చాలును. ముసురునాడును రాత్రియును మఱియొక ఫ్లాషు కావలెను. దానిని చీర ప్రక్కన నిలిపి కెమేరాతో కలుపుటకు తీగ యక్కఱలేదు. కెమేరాలోని చిన్నఫ్లాషే దూత పని చేయును.

దాని విధ మిట్టిది. మీట నొక్కగనే చిన్నఫ్లాషు కొన్ని సూక్ష్మమైన మెఱపులను వడివడిగా వెలిగించి యార్పును. పూర్వము తంతికచేరీలో చుక్కలు గీతలుగా వార్త నడచినట్లు, ఈ మెఱపుల వరుసయే వార్త. ప్రక్కనున్న ఫ్లాషునకు వొంటిమీద చిన్న కన్నొకటి యుండును. అది వార్త చదివి ముందొక పరీక్షామెఱపు వెలిగించును. కెమేరా దానిని కొలిచి, ఎంత వెలుగు వలయునో మరల మెఱపులతోనే తెలుపును. అంతట తెర తెఱచుకొనును. ఆ ఫ్లాషు వెలుగును. మనకిదంతయు నొక్క మెఱపుగానే తోచును.

నైకాన్ వారు 2003 లో ఈ తరహా ఫ్లాషుపద్ధతిని తెచ్చి, 2004 నాటి డి70 కెమేరాలో చిన్నఫ్లాషునకే ఈ దూతపని నేర్పిరి. క్యానన్ వారి కెమేరాలలో ఇది 2009 నాటి 7డి తో వచ్చినది. 2011 నాటి 600డి వంటి తక్కువ వెలవానిలోను గలదు. నైకాన్ డి90 లో నున్నది గాని డి3000, డి5000 వరుసలలో లేదు. పాతకెమేరా బేరమాడు సోదరీమణులు ఈ సంగతి ముందు విచారింపవలెను; నెత్తిమీద ఫ్లాషు లేచినంతమాత్రమున దూతపని వచ్చునని నమ్మరాదు. క్రొత్తగా వచ్చు అద్దములేని కెమేరాలు పెక్కింటికి నెత్తిమీది ఫ్లాషే లేదు. వానికి రేడియో పరికరము వేఱుగ కొనవలెను. చేతిఫోను దీపము ఈ పనికి రాదు.

నైకానులో దీని పేరు కమాండర్ మోడ్. కెమేరాలో ఏ ఛానలు, ఏ గ్రూపు పెట్టితిమో ఫ్లాషులోను అదే పెట్టవలెను; ఒకటి తప్పినను ఫ్లాషు మూగనోము పట్టును. చిన్నఫ్లాషు సొంతవెలుగును రెండు గీతల గుర్తుమీద నుంచినచో అది వార్త మాత్రమే పంపును. అయినను చీర మిక్కిలి దగ్గఱనున్న జరీమీద దాని చాయ కొంచెము తగులవచ్చును. అప్పుడు కడిగిన రంగుఫిల్ము చివర నల్లనితునుకను దానికడ్డముగా నుంచవచ్చును. కంటికి కనబడు వెలుగును చాలవఱకాపి, కనబడని పరారుణకిరణములను అది పోనిచ్చును. ఆ కంటికవి చాలును.

చౌకఫ్లాషులు కొన్నిటికి ఈ వార్తాభాష రాదు. వానికి ఎస్1, ఎస్2 అను రెండు మెట్లుండును. ఇచ్చటనే నేనొక సాయంకాలము వ్యర్థపుచ్చితిని. ఎస్1 లో నుంచి తీసితిని. ఫ్లాషు వెలుగుట నా కన్నులు చూచుచునే యున్నవి, ఫోటో మాత్రము చీకటి! ఫ్లాషు చెడినదని నిశ్చయించి మరల పెట్టెలో పెట్టితిని కూడ. మఱునాడు తెలిసినది. కెమేరా కొలతకై ముందు విసరు మెఱపునకే ఎస్1 లోని ఫ్లాషు తొందరపడి వెలిగిపోవును. తెర తెఱచునప్పటికి దాని పని ముగియును. ఎస్2 లో నుంచిన నా మొదటి మెఱపును లెక్కింపదు. లేదా చిన్నఫ్లాషును మాన్యువల్ లో పెట్టి మిక్కిలి తగ్గింపవలెను. అప్పుడు ముందుమెఱపే యుండదు. కంటియెఱుపు తగ్గించు సదుపాయమును ఆర్పివేయవలెను. పెండ్లిపందిరిలో ఎస్1 పనికిరాదు. అతిథుల కెమేరా లన్నిటికిని అది బదులు పలుకును.

ముందుమెఱపులకు బిడ్డలు ఱెప్పలార్చి, ఫోటోలో నిద్రమొగములతో పడుదురు. చీరకు ఱెప్పలు లేవు గనుక మనకా చింత లేదు.

ఇక అమరిక. చీరను దండెము మీద వ్రేలాడదీసి, నాలుగైదడుగుల దూరమున ప్రక్కకు ఫ్లాషు నిలుపవలెను. దాని తల చీరవైపు, కన్ను కెమేరావైపు చూడవలెను. తల వేఱుగ, మొండెము వేఱుగ తిరుగునట్లు వీనిని చేసినది ఇందులకు గూడ నక్కఱకు వచ్చును. దూరము రెట్టింపైన వెలుగు నాల్గవపాలగును. నడుమ తెల్లని పలుచటి పంచె నొకటి కట్టిన జరీ పేలదు. అది ఫ్లాషునకు తగులరాదు, కాలును. తెరవేగము 1/125 సెకను చాలును. రంగుకొలత ఆటో మీద వదలక ఫ్లాషు గుర్తుమీద నుంచవలెను. ఆరుబయటి యెండలో ఆ కన్నునకు వార్త సరిగా కనబడదు. ఈ పద్ధతి యింటిలోనిది.

మొన్న వదినె రెండవచీరకు ఇట్లే తీసితిమి. నీలము నీలముగా వచ్చినది. అంచుసందు పోగుపోగుగా లేచినది. దానితోపాటు, పమిటచెంగునకు జానెడు పైన పేకలో నొకపోగు జాఱిన చోటు కూడ కనబడినది! నేసినవారికిని తెలియని లోపమది. అన్న, అనగా వదినె భర్త, "ఇది పంపవలదు, వెనుకటివలె ఎదుట ఫ్లాషుతోనే తీయుడు, కనబడదు" అనిరి. వదినె కొంతసేపు మాటాడలేదు. పిదప ఆ చోట వ్రేలుంచి, దగ్గఱగా మఱియొక ఫోటో తీయుమని నాతో ననినది. రెండును పంపినది, వెల రెండువందలు తగ్గించి వ్రాసినది. అన్న మగ్గపుగదిలోనికి పోయి పలుకక కూర్చుండిరి.

బదులు మూడవనాడు వచ్చినది. ఆ చీరను ఉంచుకొందుమనియు, అదే యంచుతో పచ్చనివొడలు చీర నేయింపుడనియు వ్రాసిరి. పచ్చరంగునూలు ఇంకను దొరకలేదు.

సముద్రపుగాలి తగులు మన యూళ్లలో ఫ్లాషులోని బ్యాటరీలను పని తీఱగనే తీసివేయుడు. నాది మొదటి వానకాలముననే చిలుము పట్టినది.