మెట్లు లేని వాద్యము

వీణకు 24 మెట్లు కలవు. మెట్టు వద్ద వేలుంచి తీగను మీటినచో స్వరము తన స్థానముననే పలుకును. హార్మోనియమున ఆ శ్రమ కూడ లేదు. మెట్టును నొక్కుటయే చాలును. ఫిడేలునకు అట్టి ఆధారమేదియు లేదు. నున్నని నల్లని పలక, దానిపై నాలుగు తంత్రులు, అంతే. వేలు నూలుపోగంత జరిగినను స్వరము చెడును. చెడినదని వాద్యము చెప్పదు. ఇట్టి వాద్యమును చేతబట్టిన విద్యార్థికి సంగీతశాస్త్ర పరిచయము అవసరమా, కాదా? "చేయి తిరిగిన చాలును, శాస్త్రము పండితుల సొమ్ము" అనువారు పెక్కురు కలరు. ఈ మాట మరియొక వాద్యమునకు కొంత చెల్లునేమో గాని, ఫిడేలునకు మాత్రము చెల్లదు.

సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు పట్టణమును తలంచుకొందము. హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిపై, రాజధానికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున, కర్ణాటక సరిహద్దునకు చేరువగా ఉన్న ఊరది. చుట్టును చెరకు తోటలు. అంగడిలో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ మాటలు కలగలిసి వినబడును. అచటి బాలుడొకడు ఫిడేలు నేర్వగోరి, వారమునకొక పర్యాయము హైదరాబాదునకు పోయి వచ్చుచున్నాడనుకొందము. గురువు ఎదుట గడుపునది ఒక గంట. తక్కిన ఆరు దినములు తన గదిలో తానే వాయించుకొనవలెను. ఆ ఆరు దినములలో వేలు తప్పుచోట పడినచో సరిదిద్దువారెవరు? తప్పునే నూరు మారులు సాధన చేసినచో అదియే చేతికి అలవాటగును. పిదప దానిని మాన్పించుట గురువునకు తలకు మించిన పని. కాగా శాస్త్రము అవసరమైనది పండితునికి కాదు. గురువు దూరముగా ఉన్న ఈ బాలునికే.

కర్ణాటక సంగీతమున ఫిడేలు తంత్రులను మంద్ర షడ్జము, మంద్ర పంచమము, మధ్య షడ్జము, మధ్య పంచమము అను వరుసలో శ్రుతి చేయుదురు. తంత్రి పొడవునకును స్వరమునకును విడదీయరాని సంబంధము కలదు. పై కొన నుండి కొలిచినచో, తంత్రి సగమున వేలుంచిన పై స్థాయి షడ్జమును, మూడవ వంతున పంచమమును, నాలుగవ వంతున శుద్ధ మధ్యమమును, ఐదవ వంతున అంతర గాంధారమును పలుకును. పెద్దల ఫిడేలులో పలుకు తంత్రి పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. కావున పంచమము 11 సెంటీమీటర్ల వద్ద దొరకును. బాలుర ఫిడేలు చిన్నదైనచో కొలతలు తగ్గును గాని వంతులు మారవు.

ఇది తెలిసిన బాలునికి పరీక్షించుకొను ఉపాయము చేతిలోనే ఉన్నది. షడ్జ తంత్రిపై వాడు పలికించిన పంచమము, పక్కనున్న పంచమ తంత్రి వేలుంచకయే పలుకు నాదముతో ఏకము కావలెను. మంద్ర పంచమ తంత్రిపై నాలుగవ వంతున పలికించిన షడ్జము, పక్కనున్న షడ్జ తంత్రితో కలియవలెను. సరిగా కలిసిన క్షణమున, కమాను తాకని ఆ పక్క తంత్రి తనంతట తానే కంపించును. వేలు ఏమాత్రము తప్పినను అది మూగవోవును. గదిలో వేరెవరును లేకున్నను, ఒప్పును తప్పును చెప్పువారు దొరకినట్లే.

పురందరదాసు (1484–1564) ఏర్పరచెనని చెప్పు ప్రారంభ పాఠములను మాయామాళవగౌళ రాగమున నేర్పుట ఆచారము. దాని ఔచిత్యము ఫిడేలుపై కంటికే కనబడును. షడ్జ తంత్రిపై శుద్ధ రిషభము సుమారు 2 సెంటీమీటర్ల వద్దను, అంతర గాంధారము ఆరున్నరకు కొంచెము పైనను, శుద్ధ మధ్యమము ఎనిమిదింబాతిక వద్దను ఉండును. పంచమమునకు పక్క తంత్రికి పోవలెను. అచట శుద్ధ ధైవతము, కాకలి నిషాదము, పై షడ్జము సరిగా ఆ చోట్లనే దొరకును! స రి గ మ అనునప్పుడు వేళ్లు నిలిచిన తీరే ప ద ని స అనునప్పటి తీరు. ఈ సంగతి తెలియనివాడు ఎనిమిది స్వరములకు ఎనిమిది చోట్లు వెదకును. తెలిసినవానికి శ్రమలో సగము తీరిపోయినట్లే.

మేళకర్తల లెక్కయు ఇట్టిదే. 17వ శతాబ్దమున వేంకటమఖి 72 మేళములను నిరూపించెను. తరువాతి వారు మేళముల పేర్లలో కటపయాది సంఖ్యను ఇమిడ్చిరి. మాయామాళవగౌళలో "మా" 5, "యా" 1. తలక్రిందులు చేసిన 15వ మేళము. ధీరశంకరాభరణములో "ధీ" 9, "ర" 2, కావున 29వది. బాలురకు ఇది పొడుపుకథవలె వినోదముగా ఉండును. అయితే సంఖ్య చెప్పగలుగుటతో పని తీరదు. 15 నుండి 29కి పోవుటకు రిషభ ధైవతములు మాత్రమే మారును. అనగా రెండు తంత్రులపైనను మొదటి వేలు 2 సెంటీమీటర్ల చోటు విడిచి సుమారు మూడు ముప్పాతికకు జరుగును, అంతే. లెక్క వేలికి దిగిననాడే అది విద్య. సంగీత పరీక్షలలో ప్రయోగముతోపాటు శాస్త్రమునకును ప్రశ్నపత్రము కలదు. లక్షణములను కంఠపాఠము చేసి అందులో మార్కులు తెచ్చుకొని, షడ్జ పంచమములు కలియని ఫిడేలును వాయించువారుండుట శాస్త్రము దోషము కాదు. దానిని నేర్చిన తీరు దోషము.

శాస్త్రమును నిరసించువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. తోడి రాగమునందలి గాంధారమును కొలత చొప్పున కదలక నిలిపినచో అది తోడి కాజాలదు. ఆ గమకము గురువు వాయించగా విని పట్టుకొనవలసినదే. స్వరస్థానమును ముల్లుతో చూపు సాధనములు నేడు చరవాణిలో దొరకుచున్నవి. శ్రుతి కూర్చుకొనుటకు అవి మేలే. కాని పాట నడుమ ముల్లును చూచుచు వాయించువాని చెవి నిద్రపోవును.

ద్వారం వేంకటస్వామినాయుడుగారికి (1893–1964) బాల్యముననే చూపు మందగించెను. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారి వద్ద ఆయన ఫిడేలు నేర్చిరి. 1919లో విజయనగరమున సంగీత కళాశాల ఏర్పడినపుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని అధ్యక్షులు. విద్యార్థిగా చేరవచ్చిన నాయుడుగారి వాద్యమును విని, వారిని ఉపాధ్యాయునిగా నియమించిరని చెప్పుదురు. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీని పొందిరి. చూపు చాలని ఆ మహనీయునికి దారి చూపినది చెవి. ఆ చెవి వెనుక నిలిచినది నిశ్చయమైన స్వరజ్ఞానము.

జహీరాబాదు బాలుడు మొదటి నెల గడచి ఇంటికి వచ్చినపుడు, "ఏదైన సినిమా పాట వచ్చినదా?" అని తలిదండ్రులు అడుగుట సహజము. దానికి మారుగా, షడ్జ తంత్రిపై పంచమమును వాయించి పక్క తంత్రిని పలికింపుమని అడిగి చూడవచ్చును.