పండక్కి అందరూ వస్తారు... అత్తయ్య దగ్గర ఎవరుంటారు?

సంక్రాంతి దగ్గరపడితే పత్రికల్లో మొదట కనిపించేవి లెక్కలే. ఎన్ని ప్రత్యేక బస్సులు, ఎన్ని రైళ్లు, టోల్‌ప్లాజాల దగ్గర ఎన్ని కార్లు. ఇలా బయల్దేరిన వాళ్లు చేరే ఇళ్లలో కొన్నింట్లో అల్జీమర్స్ ఉన్న పెద్దావిడో, పెద్దాయనో ఉంటారు. వాళ్లను ఏడాదంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటారు. చాలా ఇళ్లలో కోడలు, లేకపోతే కూతురో భార్యో. మూడు రోజుల పండగ ఆ మనిషిని ఏం చేస్తుందో నాకు కనుమ వెళ్లాక ఓపీలో కనిపిస్తుంది.

నిరుడు కనుమ మర్నాడు 74 ఏళ్ల పెద్దావిడను ఆటోలో తీసుకొచ్చారు. అల్జీమర్స్ అని తెలిసి నాలుగేళ్లయింది. మందులు మా దగ్గరే. రెండు రాత్రులుగా నిద్ర లేదు. గోడ మీద ఎవరో ఉన్నారంటున్నారు, అన్నం పెట్టబోతే కొడుతున్నారు. 'మతిమరుపు ముదిరిపోయింది డాక్టర్‌గారూ, ఇంక ఇంతేనా?' అని బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు అడిగారు. వెంట వచ్చిన కోడలు ఏమీ మాట్లాడలేదు.

అల్జీమర్స్ రెండు రోజుల్లో ముదరదు. నెలలు, సంవత్సరాల మీద మెల్లగా దిగజారే జబ్బు అది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి మారిపోతే దాని వెనుక వేరే కారణం ఉంటుంది. దీన్ని మేం డెలీరియం అంటాం. మన పెద్దలు 'సంధి' అన్నది దాదాపు ఇదే. ఆవిడకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. పండగ హడావుడిలో మంచినీళ్లు ఇచ్చే ధ్యాస ఎవరికీ లేదు. పైగా జలుబు చేసిందని చుట్టాల్లో ఒకరు మందుల షాపు నుంచి క్లోర్‌ఫెనిరమిన్ ఉన్న మాత్రలు తెచ్చి వేశారు. మామూలు మనిషికి కాస్త మత్తు వచ్చి పోయే మందే అది. మతిమరుపు ఉన్నవారి మెదడును మాత్రం గజిబిజి చేయగలదు. ఇన్‌ఫెక్షన్‌కు మందిచ్చి, ఆ జలుబు మాత్రలు ఆపి, సెలైన్ పెట్టాం. వారం తిరిగేసరికి పండగకు ముందు ఎలా ఉండేవారో దాదాపు అలా అయ్యారు.

ఆవిడను వార్డులో చేర్చాక కోడలు గోడకు ఆనుకుని నిలబడింది. తల తిరుగుతోందంది. బీపీ చూస్తే 170/104. భోగి ముందు రోజు నుంచి తన మాత్రలు వేసుకోలేదట. 'గుర్తుకు రాలేదు సార్, ఇంట్లో పద్నాలుగు మంది' అంది. నాలుగేళ్లుగా ప్రతి నెలా నా ఎదుట కూర్చున్న మనిషి ఆమె. ఒక్కసారి కూడా ఆమె బీపీ నేను చూడలేదు. చీటీ మీద ఉన్నది అత్తగారి పేరు కదా! ఇందులో తప్పు నాదే.

మన వ్యవస్థ తీరూ ఇంచుమించు ఇలాగే ఉంది. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. అల్జీమర్స్ అందులో ప్రధానమైన రకం. ఇది నగరాల జబ్బు అనుకుంటాం. ఆ లెక్కల్లో పట్టణాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు దాటిన అందరికీ ఏటా కుటుంబానికి రూ.5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తింపజేసింది. మంచి పనే. కానీ అది ఆసుపత్రిలో చేరితే అక్కరకొచ్చే పథకం. అల్జీమర్స్ రోగి జీవితం గడిచేదంతా ఇంట్లోనే. స్నానం చేయించడానికి, రాత్రి మేలుకుని ఉండటానికి, తలుపు తీసుకుని వెళ్లిపోకుండా చూడటానికి మనిషి కావాలి. ఆ మనిషి ఖర్చు ఏ కార్డులోనూ లేదు. పగటిపూట ఇలాంటివారిని చూసుకునే కేంద్రాలు పెద్ద నగరాల్లో కొన్ని ఉన్నా, జిల్లాల్లో అరుదు. కాబట్టి ఆ భారమంతా ఇంట్లో ఒక్కరి మీద పడుతోంది. పండగకు అదే మనిషి మీద పిండివంటలు, పడకలు, పద్నాలుగు మందికి కాఫీలు అదనం.

అందుకే ఈసారి నా మాట పండక్కి వచ్చేవాళ్లతో. అరిసెల పాకం, కొత్త బట్టలు తర్వాత. వచ్చిన రోజే ఒక రాత్రి మీ వంతుగా తీసుకోండి. పెద్దావిడ గదిలో మీరు పడుకోండి, వదినను వేరే గదిలో పడుకోనివ్వండి. 'మాకు అలవాటు లేదు' అంటారేమో, ఆమెకూ మొదట్లో అలవాటు లేదు. మందుల వేళలు, బాత్‌రూమ్‌కు తీసుకెళ్లే వేళలు ఆమె చేత ఒక కాగితం మీద రాయించుకుంటే సరిపోతుంది. 'వదినా, నువ్వు బాగా చిక్కిపోయావు' అనడం కంటే ఇది ఎంతో మేలు.

ఇంకొకటి. గుమ్మంలోకి రాగానే 'నేనెవరో చెప్పు చూద్దాం' అనకండి. తెలియనప్పుడు వాళ్లకు కలిగేది సిగ్గు, భయం. 'అమ్మా, నేను నీ చిన్న కొడుకుని, వచ్చేశాను' అని మీరే చెప్పండి. ఎప్పుడో పోయిన మామయ్యగారు ఇంకా పొలం నుంచి రాలేదేమని అడిగితే, పోయారని ప్రతిసారీ గుర్తుచేస్తే ప్రతిసారీ కొత్తగా ఏడుస్తారు. 'ఆయనకు ఏ కూర ఇష్టం అత్తయ్యా?' అని మాట మళ్లించండి.

చూసుకునే మీకు రెండు మాటలు. పండగ మొత్తం చేయాలని ఎవరూ శాసించలేదు. పిండివంటలు కొనుక్కోవచ్చు. పలకరించడానికి వచ్చేవాళ్లను ఇద్దరిద్దరుగా, ఉదయం పూట రమ్మనవచ్చు. సాయంత్రమయ్యేకొద్దీ చాలామందిలో కంగారు, చిరాకు పెరుగుతాయి కనుక ఆ వేళకు ఇంట్లో సందడి తగ్గాలి, దీపాలు వెలగాలి. తెల్లవారుజామున భోగిమంట దగ్గరికి తీసుకెళ్లాల్సిన పనిలేదు. మింగడం కష్టంగా ఉన్నవారికి అరిసె ముక్క గొంతులో అడ్డుపడవచ్చు. వీధి తలుపు తెరిచే ఉండే రోజులు కాబట్టి జేబులోనో చీర కొంగుకో పేరు, ఫోన్ నంబరు ఉన్న చీటీ పిన్నుతో పెట్టండి. రాత్రి నిద్రపోవడం లేదని మా సలహా లేకుండా నిద్రమాత్ర వేయకండి. పడిపోయి తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత కోలుకోవడం చాలా కష్టం. ఇక మీ బీపీ, షుగర్ మాత్రలు వాళ్ల మందుల డబ్బాలోనే ఉంచండి. వాళ్లకు ఇచ్చే వేళకు మీకూ గుర్తొస్తాయి.

మీకే ఊపిరాడనట్టు, ఏడుపు ఆగనట్టు ఉంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఎప్పుడైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధుల సమస్యలకైతే 14567. మనిషి ఉన్నట్టుండి మారిపోతే పండగ వెళ్లేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఆ వారంలో కొత్తగా ఏ మాత్ర వేసినా ఆ స్ట్రిప్పు కూడా తెండి.

అప్పటి కోడలు ఈ నెల కూడా వచ్చింది. బీపీ 136/84. నిరుడు భోగి నాడు వాకిట్లో పిల్లలు ముగ్గు పెడుతుంటే, మనవరాలి పేరు గుర్తులేని అత్తగారు గిన్నె లాక్కుని తప్పు లేకుండా చుక్కలు పెట్టేశారట. చేతులకు అలవాటైన పనులు అలా ఆలస్యంగా పోతాయి. ఈసారి ముగ్గు అత్తయ్యదే అని ముందే చెప్పేసిందట. బెంగళూరు నుంచి వచ్చే మరిది మొదటి రెండు రాత్రులు తనవంటున్నాడని చెప్పింది. మూడో రాత్రి ఎవరిదన్నది ఇంకా తేలలేదట.