దండీని ఏ ఫోల్డర్లో పెడతారు?

మా తిరుపతిలో చాలా జిమ్ముల్లో గోడ మీద ఒక చార్టు ఉంటుంది. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం కాళ్ళు... కసాయి కొట్లో ముక్కలు వేలాడదీసినట్టు! బరువులెత్తేవాళ్ళకి అది పనికొస్తుంది, నాకు పేచీ లేదు. డంబెల్ పట్టుకుని ఒక్క జబ్బ కండకే పని చెప్పొచ్చు. కానీ ఏ సామానూ లేకుండా ఒంటి బరువుతో చేసే కసరత్తులక్కూడా అదే చార్టు తగిలించేస్తున్నారే, అదీ నా గొడవ.

ఒక్క దండీ తీసుకోండి. ఛాతీ, భుజాలు, జబ్బ వెనక కండ, నడుం కిందికి జారిపోకుండా పట్టుకునే పొట్ట, పిర్రలు, అన్నీ పనిచేస్తాయి. దాన్ని 'ఛాతీ' కింద రాసేస్తే మిగతావాటి సంగతేంది? మా భాషలో ఇది మెనీ-టు-మెనీ సంబంధం. తీసుకొచ్చి ఫోల్డర్లలో కుక్కుతున్నారు. 2004లో జీమెయిల్ ఫోల్డర్లకి బదులు లేబుళ్ళు పెట్టింది, ఒక ఉత్తరానికి ఎన్నైనా తగిలించుకోవచ్చని. ఉత్తరానికున్నపాటి మర్యాద ఒంటికి లేదా? :)

పేరేదైతేనేం, చేస్తే చాలదా అంటారా? చాలదు.

ఒకటి. నేల మీద చేసే చేతుల కసరత్తులు దాదాపు అన్నీ తోసేవే. దండీల్లోనే పది రకాలు రాసి ఛాతీ, భుజాలు, చేతులు అని మూడు రోజులకి పంచుతారు. చార్టు నిండుగా ఉంటుంది, చేసింది మాత్రం ఒకటే పని! లాగే పని ఒక్కటీ ఉండదు. దానికి వేలాడ్డానికి ఒక కడ్డీయో, చెట్టుకొమ్మో కావాలి. పొద్దస్తమానం కీబోర్డు మీద వంగి కూర్చునే మనలాంటోళ్ళకి కావలసింది సరిగ్గా ఆ వీపు పనే.

రెండు. 'పొట్ట' అనే గడి చూడగానే అక్కడ కదిలిస్తే అక్కడే కరుగుతుందనుకుంటారు. కొవ్వు అలా చెప్పిన చోటు నుంచి పోదు. రోజుకి రెండొందల క్రంచులు చేయండి, లోపల కండ గట్టిపడుతుంది. తిండి మార్చకపోతే పైనున్నది పైనే ఉంటుంది.

మూడోది కొండెక్కేవాళ్ళకి బాగా తెలుసు. అలిపిరి నుంచి 3550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం. కానీ మెట్ల మీదే దిగి వచ్చినవాళ్ళకి మర్నాడు తొడలు పట్టేసి, కూర్చుంటే లేవలేరు. రెండుసార్లూ పనిచేసింది ఆ తొడ కండే. ఎక్కేటప్పుడు ముడుచుకుంటూ ఒంటిని ఎత్తుతుంది, దిగేటప్పుడు సాగుతూ బ్రేకు వేస్తుంది. అలవాటు లేని ఆ బ్రేకే నొప్పి పెట్టేది. 'కాళ్ళు' అన్న ఒక్క మాటలో ఈ తేడా యాడుంది? కొండకి తయారయ్యేవాళ్ళు బస్కీలో లేవడమే కాదు, నిదానంగా దిగడం కూడా నేర్చుకోవాలి.

మరి ఎలా విడదీయాలి? పనిని బట్టి. తోయడం, లాగడం, కూర్చుని లేవడం, నడుం దగ్గర వంగి లేవడం, కదలకుండా బిగబట్టడం. అంతే, ఐదు. ఒక్కోదాంట్లో తేలిక నుంచి కష్టానికి మెట్లు కట్టుకోండి. తోయడానికి ముందు గోడ. తర్వాత మోకాళ్ళ మీద దండీ, అప్పుడు చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు సగం. తర్వాత పూర్తి దండీ, సుమారు మూడింట రెండు వంతులు. డంబెళ్ళు మార్చినట్టు ఒంటిని మార్చలేం కదా, మనకి ఈ మెట్లే డంబెళ్ళు. ఆ చార్టుల్లో లేనివీ ఇవే.

మన పాతవాళ్ళు దండీ, బస్కీ, గుంజీళ్ళు అని చేసే పనికే పేరు పెట్టారు. కాణిపాకంలో వినాయకుడి ముందు గుంజీళ్ళు తీసే పిల్లాడు ఇవాళ కాళ్ళ వారమా అని అడగడు. తొడ, పిర్ర, పిక్క అన్నీ ఒకేసారి కదుల్తాయి.

పోలీసు ఉద్యోగాలకి తయారయ్యే కుర్రాళ్ళు కూడా ఫోన్లలో ఈ చార్టులే పెట్టుకుంటుంటే నాకు బాధేస్తుంది. వాళ్ళకి పెట్టేది 1600 మీటర్లు, 100 మీటర్లు, లాంగ్ జంప్. మూడూ ఒళ్ళంతా కలిసి చేసే పనులే. మనం చార్టు తప్పు పట్టుకుంటే పోయేది రెండు నెలలు, వాళ్ళకి పోయేది ఉద్యోగం. తమ్ముళ్ళూ, ఆ చార్టు తీసేయండి. ఒక కడ్డీ వెతుక్కోండి.