ఆరుగురికి ఒక్క కోణమానిని

వార్షికోత్సవ సంచిక అనగానే మా హాస్టల్ పిల్లలం రాసేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. నీళ్ల చారు, ట్రంకు పెట్టెలు, పొద్దున్నే బోరింగు దగ్గర బకెట్ల వరస, రాత్రి కరెంటు పోతే వరండాలో పాడుకున్న పాటలు. అవన్నీ నిజాలే. వాటిని తలుచుకుంటే ఇప్పటికీ మా కళ్లు చెమరుస్తాయి. కానీ ఈసారి మేము చాలా చిన్న విషయం ఒకటి రాయదలిచాం. చూడ్డానికి చిన్నదేగానీ, మాలో ఎంతోమందిని లెక్కల నుంచి దూరం చేసింది అదే. ఆ విషయం కోణం. ఆరో తరగతి పిల్లాడు కోణాన్ని కొలవడం, గీయడం.

మేము ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా గదిలో ఆరుగురం. ఆరుగురికీ కలిపి ఒక్క జామెట్రీ బాక్సు. అందులో వృత్తలేఖినికి పెన్సిలు బిగించే మర ఊడిపోయింది. కోణమాని మీద అంకెలు సగం అరిగిపోయాయి. పరీక్ష రోజు ఆ కోణమానిని బెంచీల కింద నుంచి చేతులు మారుతుంటే సారు పట్టుకుని, మేమేదో చీటీ అందించుకుంటున్నామనుకున్నారు. ఆ రోజు 60 డిగ్రీల కోణాన్ని మాలో ముగ్గురం కంటి అంచనాతో గీశాం. ఇద్దరం కోణమానినితోనే గీసి 120 డిగ్రీలు తెచ్చాం. మిగిలిన ఒక్కడు అసలు గీయలేదు. పేపర్లు ఇచ్చేటప్పుడు "హాస్టల్ పిల్లలకి లెక్కలు ఎక్కవు" అన్న మాట తరగతి అంతా విన్నది. ఆ మాట ఎవరన్నారన్నది ఇక్కడ అనవసరం. దాన్ని మేము నమ్మడమే మాకు జరిగిన అసలు నష్టం.

కోణమానిని వాడినవాళ్లు కూడా ఎందుకు తప్పు గీశారు? కోణమాని మీద రెండు వరసల అంకెలుంటాయి. ఒక వరస కుడి నుంచి ఎడమకు, రెండోది ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. అందుకే 60 ఉన్న గీత మీదే 120 కూడా ఉంటుంది. ఏ గీత మీదైనా ఆ రెండు అంకెలూ కలిపితే 180 వస్తుంది. ఏ భుజం దగ్గర మొదలుపెట్టామో ఆ భుజం మీద సున్న ఉన్న వరసనే చదవాలి. ఈ ఒక్క వాక్యం మాకు చెప్పి ఉంటే సరిపోయేది. నల్లబల్ల మీద సారు చెప్పే ఉంటారు. కానీ చేతిలో పరికరం లేనివాడికి ఆ మాట ఈత నేర్చుకునేవాడికి గట్టు మీద చెప్పిన పాఠంలాంటిది.

ఇంకా కొన్ని తప్పులున్నాయి. డిగ్రీలో చేరాక సెలవుల్లో వచ్చి ఇక్కడి తమ్ముళ్లకు లెక్కలు చెప్పినప్పుడు అవే తప్పులు మళ్లీ చూశాం. మొదటిది, భుజాలు పొడుగ్గా ఉంటే కోణం పెద్దదనుకోవడం. కోణమంటే గీతల పొడవు కాదు, వాటి మధ్య ఉన్న తిరుగుడు. మా గది తలుపు కొంచెం తెరిస్తే చిన్న కోణం, బార్లా తెరిస్తే పెద్ద కోణం. తలుపు వెడల్పు మాత్రం మారదు. రెండోది, కోణమాని అడుగు అంచునే ఆధార రేఖ అనుకోవడం. చాలా కోణమానుల్లో సున్న గీతకు కింద కొంత ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. అడుగు అంచు కాదు, సున్న గీతే భుజం మీద కూర్చోవాలి. మధ్యబిందువు కోణశీర్షం మీద పడాలి. మూడోది, కోణం ఏటవాలుగా ఉంటే కంగారుపడటం. పుస్తకంలో కోణాలన్నీ ఒక భుజం నేలబారుగా పెట్టుకుని కుడివైపుకే తెరుచుకుంటాయి మరి! కోణమానిని తిప్పుకోవచ్చు, కావాలంటే పుస్తకాన్నే తిప్పుకోవచ్చు అని ఎవరూ చెప్పలేదు. నాలుగోది, భుజం పొట్టిగా ఉండి అంకెల దాకా అందకపోతే "ఈ లెక్క తప్పు" అనుకుని వదిలేయడం. స్కేలుతో భుజాన్ని పొడిగిస్తే చాలు, కోణం మారదు.

వీటిలో ఒక్కటి కూడా తెలివికి సంబంధించింది కాదు. పరికరం చేతిలో ఉండి, పక్కన చూసి చెప్పేవాళ్లుంటే పూటలో పోయే తప్పులివి.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన తాపీ మేస్త్రీ. బడి మొహం చూడలేదు. ఇంటికి ముగ్గు పోసేటప్పుడు రెండు దారాలు కట్టి, మూల నుంచి ఒక దారం మీద మూడు అడుగులు, రెండో దారం మీద నాలుగు అడుగులు గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదు అడుగులు వచ్చేదాకా రెండో దారాన్ని జరుపుతాడు. అయిదు వచ్చిందంటే మూలమట్టం కుదిరినట్టే. లంబకోణం అన్న మాట ఆయనకు తెలియదు, లంబకోణం మాత్రం తెలుసు. యజ్ఞవేదికల కొలతల కోసం బౌధాయనుడి శుల్బసూత్రాల్లో రాసుకున్న లెక్క కూడా ఇదే. వాళ్లు రాసుకున్నారు, ఇటుకలు పేర్చినవాళ్లు రాసుకోలేదు. తేడా అంతే. చెప్పులు కుట్టే తాత తోలును ఏటవాలుగా కోసే తీరులోనూ, నాగలికి కర్రు బిగించే వడ్రంగి చేతిలోనూ కోణం ఉంది. కాబట్టి "వీళ్లకు లెక్కలు ఎక్కవు" అనేది పచ్చి అబద్ధం. మన ఇళ్లల్లో లెక్క తరాలుగా ఉంది, కాగితం మీదికి ఎక్కలేదు.

అయితే మేము ఇక్కడితో మురిసిపోవడం లేదు. కొందరు మిత్రులు "శ్రమజీవుల జ్ఞానమే అసలు జ్ఞానం, ఈ డిగ్రీలూ పరికరాలూ ఎందుకు" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మా నాయన ముప్పై ఏళ్లు ఇంకొకరు కాగితం మీద గీసినదాన్నే కట్టాడు. ఆ కాగితం చదవలేకపోవడం వల్ల తప్పు ఎవరిదైనా కూలి మాత్రం ఆయనకే తెగ్గోశారు. చేతికి తెలిసినదాన్ని అంకెగా చెప్పగలిగినవాడే గీతగాడవుతాడు, లేకపోతే కూలివాడుగానే మిగులుతాడు. అందుకే మనకు చెయ్యీ కావాలి, డిగ్రీ కూడా కావాలి. చదువు డిగ్రీ ఒక్కటే కాదు, కోణం డిగ్రీ కూడా!

మరి ఎలా నేర్పాలి? మా అనుభవంలో పనికొచ్చిన వరస ఇది. ముందు ఒంటితో, తరువాత కాగితంతో, చివర్లో పరికరంతో.

హాస్టల్ ఆవరణలో పిల్లలను నిలబెట్టి కుడివైపు తిరగమనాలి. అది 90 డిగ్రీలు. వెనక్కు తిరిగితే 180. నాలుగుసార్లు కుడివైపు తిరిగి మళ్లీ మొదటి దిక్కుకే వస్తే 360. డ్రిల్లు పీరియడులో రోజూ చేసేదే, దానికి అంకె చెప్పలేదంతే. ఈ 360 ఎందుకని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. పాతకాలపు బాబిలోనియా వాళ్లు అరవైల చొప్పున లెక్కపెట్టేవారు, ఆ అలవాటు నుంచి వచ్చిందంటారు. దానివల్ల సౌకర్యం కూడా ఉంది. 360ని 2, 3, 4, 5, 6, 8, 9, 10, 12లతో శేషం లేకుండా భాగించవచ్చు.

తరువాత కాగితం. మన స్టీలు పళ్లేన్ని పాత దినపత్రిక మీద బోర్లించి చుట్టూ గీసి కత్తిరిస్తే గుండ్రని కాగితం వస్తుంది. దాన్ని సగానికి మడిస్తే 180, మళ్లీ సగానికి మడిస్తే 90, ఇంకోసారి మడిస్తే 45. మడతలన్నీ కలిసే చోటే కేంద్రం. ఇంకో గుండ్రని కాగితాన్ని సగం చేసి, ఆ సగాన్ని కేంద్రం దగ్గర నుంచి మూడు సమాన మడతలు వేస్తే ఒక్కొక్కటి 60. దాన్ని సగం చేస్తే 30, ఇంకో సగం 15. మడతల మీద అంకెలు రాసుకుంటే కోణమానిని తయారు. పైసా ఖర్చు లేదు. 2024లో వచ్చిన ఎన్.సి.ఇ.ఆర్.టి. ఆరో తరగతి గణితం పుస్తకంలో కూడా కాగితం మడిచి కోణమానిని చేసుకోమని ఉంది. అంటే ఇది పేదపిల్లలకు చెప్పే చౌకబారు ఉపాయం కాదు, సరైన పాఠమే.

చివరగా పరికరం. కొలిచే ముందు ఒక అలవాటు చేయించాలి. ముందు కంటితో చూసి, ఇది లంబకోణం కన్నా చిన్నదా పెద్దదా చెప్పమనాలి. చిన్నదని చెప్పినవాడు ఇక 120 అని చదవడు. గీసేటప్పుడు ముందు ఒక కిరణం గీసి, దాని మొదటి బిందువు మీద కోణమాని మధ్యబిందువు పెట్టి, సున్న గీత కలిపి, కావలసిన అంకె దగ్గర చుక్క పెట్టి, కోణమానిని తీసి స్కేలుతో కలపాలి. పెన్సిలు మొన సన్నగా ఉండాలి. మొద్దు పెన్సిలు ఒకటి రెండు డిగ్రీలు మింగేస్తుంది.

మన హాలులో గోడగడియారం ఉంది కదా. 1 గంటకు ముళ్ల మధ్య 30 డిగ్రీలు, 3కి 90, 4కి 120. మరి మూడున్నరకు ఎంత? చాలామంది 90 అంటారు. కాదు, 75. మూడున్నరకు చిన్నముల్లు 3 మీద ఉండదు, 3కీ 4కీ మధ్యకు జరిగి ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న మీద ఒక సాయంత్రం స్టడీ అవరంతా గొడవపడ్డారు తమ్ముళ్లు. లెక్కల మీద గొడవపడే హాస్టల్ ఎంత బాగుంటుందో ఆ రోజు చూశాం.

"హాస్టల్ ఉన్నది తిండికీ పడకకూ, చదువు చెప్పడానికి బడి ఉంది" అని కొందరంటారు. ఊళ్లో పిల్లలకు బడి అయ్యాక ట్యూషన్ ఉంటుంది, చదువుకున్న అమ్మానాన్నలుంటారు. మన తమ్ముళ్లకు ఆ రెండూ స్టడీ అవరే. అదీ గట్టిగా వల్లెవేయడంతో గడిచిపోతే కోణం ఎప్పటికీ రాదు. కోణాన్ని బట్టీ పట్టలేం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మేము డిగ్రీ చివరి ఏడాదిలో ఇక్కడికి వచ్చినప్పుడు ఒక తమ్ముడు పుస్తకం పట్టుకొచ్చి "అన్నా, ఇది 50నా 130నా" అని అడిగాడు. మాకు పరీక్షల హడావుడి. "రేపు చెప్తాంలేరా" అన్నాం. ఆ రేపు రాలేదు. వాడు మళ్లీ అడగలేదు. ఎనిమిదో తరగతి తరువాత హాస్టల్ మానేశాడని తెలిసింది. మేము చెప్పకపోవడం వల్లే మానేశాడని అనలేం, ఇంట్లో కష్టాలు ఏమున్నాయో. కానీ వాడి ప్రశ్న మాత్రం ఇంకా మా దగ్గరే ఉండిపోయింది. అది 50, తమ్ముడూ. లంబకోణం కన్నా చిన్నదిరా అది.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. వార్షికోత్సవానికి దండలూ శాలువాలూ కొంత తగ్గిద్దాం. నాలుగు నుంచి ఎనిమిది దాకా చదివే ప్రతి తమ్ముడికీ సొంతంగా ఒక జామెట్రీ బాక్సు ఇద్దాం. ఆరుగురికి ఒకటి కాదు, ఒక్కొక్కరికి ఒకటి. బాక్సులిచ్చి ఫోటో దిగి వెళ్లిపోతే అవి నెలలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉంటాయి. కాబట్టి ఆదివారం సాయంత్రం ఒక గంట పదో తరగతి, ఇంటర్ తమ్ముళ్లు చిన్నవాళ్లతో కూర్చోవాలి. నెలకొకసారి మేమూ వస్తాం. ఈ మాట అచ్చులో ఇస్తున్నాం, రాకపోతే అడగండి.

చిన్న తమ్ముళ్లకు ఒక్క మాట. అరిగిపోయిన కోణమానితో తప్పు గీస్తే తప్పు మీది కాదు. అడగడానికి మొహమాటపడొద్దు. ఈ అన్నలు "రేపు" అంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి.

– ఒక పూర్వ విద్యార్థి, పి.జి.